పులుపు వద్దన్నాను

1949 ఫిబ్రవరి 7, సోమవారం

ఈ రోజు ఒక మనిషి నవ్వి కింద పడిపోయింది.

పేరు సైదమ్మ. ఇరవై ఏళ్లుంటాయి. చివ్వెంల నుంచి భర్త జంగయ్య, అత్త ఎల్లమ్మ బండిలో తీసుకొచ్చారు. డాక్టరు గారి ముందు బల్ల మీద కూర్చోబెట్టి జంగయ్య రోగం చెప్పడం మొదలుపెట్టాడు. అతను చెబుతుండగానే ఆమె నిద్రపోయింది. తల గోడకు ఆనించి, నోరు కొంచెం తెరిచి. సూడు సారూ, గిదే రోగం అన్నాడు జంగయ్య. కలుపు తీసుకుంట తీసుకుంట బురదలనే పండుతదట. నీళ్ల కుండ నెత్తిన పెట్టుకుని నిలవడ్డకాడనే కళ్లు మూస్తదట. ఊళ్లో నిద్రమొకంది అని పేరు పెట్టేశారు. దయ్యమని ఒకడు వేపమండలతో కొట్టాడు. సోమరితనమని ఇంకొకడు ముల్లుకర్రతో కొట్టాడు. రెండు రకాల వైద్యమూ అయింది.

డాక్టరు జనార్దన్ గారికి ఎవరితోనైనా వేళాకోళమే. మిలిటరీ డాక్టరుగా బర్మా దాకా వెళ్లి వచ్చినా ఆ గుణం పోలేదు. సైదమ్మను లేపి, మా ఇంటామెకు నీ నిద్రల సగం బదులియ్యరాదు, రాత్రంత మేలుకోని నన్ను తిట్టుడే ఆమెకు పని అన్నారు. సైదమ్మ నవ్వింది. నవ్వు పెదవుల మీదికి వచ్చిందో లేదో, మోకాళ్లు వంగిపోయాయి, తల వాలిపోయింది, అలాగే నేల మీద కూలింది. నేను మందుల గది కిటికీలోంచి చూస్తున్నాను. కళ్లు తెరిచే ఉన్నాయి. అన్నీ వింటోంది. లేవలేదు. నిమిషం తర్వాత తనే లేచి కొంగు సర్దుకుంది, తప్పు చేసినదానిలా.

ఎల్లమ్మ చంకలో పద్నాలుగు నెలల ఆడపిల్ల. సైదమ్మ పిల్ల. ఆరు నెలల కిందట సైదమ్మ పిల్లను ఎత్తుకుని పొయ్యి పక్కన నిలబడి ఉంటే, మరిది ఏదో అన్నాడట. నవ్వింది. పిల్ల పొయ్యిగడ్డ మీద పడింది. మడమ మీద కాలిన మచ్చ ఎల్లమ్మ నాకు చూపించింది. ఆనాటి నుంచి పిల్లను తల్లి చేతికి ఇవ్వలేదు. దాని సేతికిస్తే నా మనుమరాలు బతుకదమ్మా అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు సులువయ్యేది.

వెళ్లేముందు సైదమ్మ నా కిటికీ దగ్గరికి వచ్చింది. నిద్ర సంగతి అడగలేదు. పిల్లను ఎత్తుకునేటందుకు ఏమన్న మందున్నదా మందులమ్మా అని అడిగింది.

ఫిబ్రవరి 8

డాక్టరు గారు రోగం పేరు నార్కోలెప్సీ అన్నారు. బర్మాలో ఒక సిపాయికి చూశారట. నవ్వితే కూలిపోవడమూ అందులో భాగమేనట. దయ్యమూ కాదు, సోమరితనమూ కాదు. మందు ఉంది, బెంజెడ్రిన్. మన దగ్గర లేదు.

రాత్రి పడుకోబోయే ముందు పాత నోటుబుక్కు తీసి ఎఫెడ్రిన్ బొమ్మ చూశాను. మద్రాసులో ఆనర్స్ చదివేటప్పుడు గీసింది. ఒక బెంజీన్ రింగు, దానికి మూడు కార్బన్ల తోక, తోకకు ఒక అమైన్. ఎఫెడ్రిన్ చీనా వాళ్లకు ఒక మొక్కలో దొరికింది. అందులోంచి ఒక హైడ్రాక్సిల్, ఒక మిథైల్ తీసేస్తే బెంజెడ్రిన్. దీనికి మొక్కతో పనిలేదు. ఫ్యాక్టరీలో తయారైన సరుకు. మన ఒంట్లో ఊరే అడ్రినలిన్‌కు పినతల్లి కూతురు లాంటిది. గుండెను పరుగెత్తిస్తుంది, నోరు ఎండగడుతుంది, ఆకలిని చంపుతుంది, నిద్రను తరిమేస్తుంది. యుద్ధంలో విమానాలు నడిపేవాళ్లకూ పహరా కాసేవాళ్లకూ ఇచ్చారు. డాక్టరు గారు తనూ మింగారట. మూడు రోజులు ఆపకుండా ఆపరేషన్లు చేశారట, నాలుగో రోజు వెదురుపొద తనను పేరు పెట్టి పిలిచిందట. నవ్వుతూనే చెప్పారు.

పహరా కోసం చేసిన మాత్ర పిల్లను ఎత్తుకోవడానికి పనికొస్తుందా? తెలియదు. నాకు తెలియనివే ఎక్కువ. నలభై మూడేళ్లు వచ్చాయి, ఇప్పటికీ ప్రతి మందూ రెండుసార్లు తూస్తాను. అందుకే డాక్టరు గారు నన్ను డబుల్ చెక్ గారూ అంటారు.

ఫిబ్రవరి 12, శనివారం. మిర్యాలగూడ.

మోతీలాల్ మందుల దుకాణంలో మిలిటరీ వాళ్లు అమ్మేసిన సామాను ఉందని విని బస్సెక్కాను. దారిలో రెండు చోట్ల సిపాయిలు దించి సోదా చేశారు. ఒకడు నా సంచిలో లిట్మస్ కాగితాల డబ్బీ చూసి ఇదేం రహస్యపు ఉత్తరమని అడిగాడు.

మోతీలాల్ సీసా తీసి బల్ల మీద పెట్టాడు. లేబుల్ సగం చెదలు తినేశాయి. బెంజ్ అన్న ముక్క మిగిలింది. బెంజోయిక్ కావచ్చు, బెంజెడ్రిన్ కావచ్చు, ఇంకేమైనా కావచ్చు. ఇది ఏం మాత్రయ్యా అంటే, అమ్మా, జర నా మాట ఇను, ఇది మింగినోడు జపానోణ్ని ఓడగొట్టిండు, ఇంకేం కావాలె అన్నాడు. ఇంకో రెండు సీసాలు లారీ డ్రైవర్లు పట్టుకుపోయారట. పరేషాన్ గాకు, ఒక్కరు గూడ తిరిగొచ్చి ఫిర్యాదు చెయ్యలే అన్నాడు. తిరిగి రాకపోవడానికి వేరే కారణాలు ఉండవచ్చు కదా అన్నాను. పెద్దగా నవ్వి, అమ్మా నీకు మందు కాదు, ధైర్యం కావాలె, అది నా దుకాణంల దొరకదు అన్నాడు.

నిజమే చెప్పాడు.

ఫిబ్రవరి 13, ఆదివారం

గుడికి వెళ్లలేదు. మాత్రను పరీక్షించాను.

నూరి నీళ్లలో కలిపి, పిండి పదార్థం వడకట్టి, తేటను రెండు గొట్టాల్లో పోశాను. ఒకదానిలో బేరియం క్లోరైడు వేస్తే తెల్లటి మడ్డి. కాబట్టి సల్ఫేటు, బెంజెడ్రిన్ మాత్రల్లో ఉండే రూపం. రెండోదానిలో కాస్టిక్ సోడా చుక్కలు వేశాను. నీళ్లు మసకబారి, పైన నూనె చుక్కలు తేలాయి. చేపల వాసన. ఆవిరికి ఎర్ర లిట్మస్ నీలమైంది. అమైనే. మళ్లీ రెండు చుక్కలు యాసిడ్ వేస్తే నూనె మాయం, నీళ్లు తేట.

ఇరవై ఏళ్ల తర్వాత నా చేతుల్లో రసాయన శాస్త్రం మళ్లీ కదిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. చేపల వాసన వల్ల కావచ్చు.

మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అదే.

ఫిబ్రవరి 14

మాత్రలు ఇచ్చాం. పొద్దున లేవగానే ఒకటి, మధ్యాహ్నం ఒకటి.

పొట్లం కడుతుంటే కిటికీ బయట ఎల్లమ్మ పత్యమేంది అని అడిగింది. పత్యమేమీ లేదన్నాను. ఆమె కదల్లేదు. పత్యం లేని మందు గూడ ఉంటదా అంది. వెనక ఇరవై మంది నిలబడి ఉన్నారు. ఇక్కడ పత్యం చెప్పకపోతే మందును మందనుకోరు. పిప్పరమెంటు అనుకుని ఇంట్లో అందరూ తలా ఒకటి మింగుతారు. అందుకని, సరే, పులుపు వద్దులే అన్నాను. చింతపండు, మామిడికాయ, నిమ్మకాయ. వేడి చేస్తదా అని ఇంకో ప్రశ్న. నోరు ఎండుతుంది, గుండె దడగా ఉంటుంది, ఈ ఊళ్లలో దాన్నే వేడి అంటారు. కొంచెం చేస్తుంది అన్నాను. తలూపి వెళ్లిపోయింది, ఇప్పుడు తృప్తిగా.

పులుపు వద్దని ఏ పుస్తకంలోనూ లేదు. అలవాటుగా నోటికొచ్చిన మాట. ఈ దవాఖానలో చేరినప్పటి నుంచి కనీసం వెయ్యి మందికి చెప్పి ఉంటాను.

ఫిబ్రవరి 21

సైదమ్మ వచ్చింది. చివ్వెంల నుంచి ఎడ్లబండిలో. దారంతా మేలుకునే ఉందట.

కూర్చోమంటే కూర్చోదు. మాట్లాడుతూనే ఉంది. తుమ్మచెట్లు ఎన్ని ఉన్నయో లెక్కవెట్టిన అంది. పగలు గింత పొడుగుంటదని నాకు తెల్వనే తెల్వదు మందులమ్మా, పొద్దు నడినెత్తి మీదికొచ్చినంక గూడ ఇంక శానా ఉంటది అంది. శనివారం మడిలో ఒక సాలు మొదటి నుంచి చివరి దాకా కలుపు తీసిందట. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. చివరికి చేరి వెనక్కి తిరిగి చూసుకుందట.

పిల్లను ఇచ్చారా అని అడిగాను. లేదు. ఒక నెల సూస్త అని అత్త చెప్పిందట. ఒక నెల ఎంత, ఇట్ల పోతది అని చిటికె వేసింది.

డాక్టరు గారు సాయంత్రం టీ తాగుతూ యుద్ధం నుంచి మంచి ఒక్కటన్న మిగిలింది అన్నారు.

మార్చి 2

సైదమ్మ రాలేదు. రానక్కర్లేదు కూడా, మాత్రలు ఉన్నాయి. అయినా రెండుసార్లు కిటికీలోంచి రోడ్డు వైపు చూశాను.

మార్చి 14, సోమవారం

జంగయ్య ఒక్కడే వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది.

సైదమ్మ నాలుగు రోజులుగా నిద్రపోలేదు. అసలే లేదు. వాకిలి ఊడ్చిందే ఊడుస్తోంది. మంచం నులక విప్పి మళ్లీ అల్లింది, మళ్లీ విప్పింది. గింజ తినదు. పిల్ల ఏడుస్తోందని లేచి పరుగెత్తుతుంది, పిల్ల ఏమో ఎల్లమ్మ పక్కలో నిద్రపోతూ ఉంటుంది. నిన్న దూలం మీద ఎవరో కూర్చున్నారని కర్రతో పొడిచిందట. పండినప్పుడే నయముండె సారూ అని ఏడ్చాడు జంగయ్య. ఊళ్లో ఇప్పుడు దయ్యం సంగతి మళ్లీ మొదలైంది.

డాక్టరు గారి ముఖంలో నవ్వు పోయింది. ఇక ఒక్క మాత్ర కూడా వద్దు, మిగిలినవి తెచ్చి ఇచ్చేయండి అన్నారు. అతను వెళ్లాక నాతో, ఎక్కువ మింగి ఉంటది, ఈ మందు రుచి మరిగితే అంతే, బర్మాల సూసిన అన్నారు.

మార్చి 17

జంగయ్య మాత్రలు తెచ్చాడు. పొట్లం విప్పి రెండుసార్లు లెక్కపెట్టాను. ఎన్ని మిగలాలో అన్నే ఉన్నాయి. ఒక్కటీ ఎక్కువ మింగలేదు.

డాక్టరు గారికి చెప్పాను. అయితే ఇంకెక్కడో కొని ఉంటరు, మిర్యాలగూడల మీకు దొరకలేదా అన్నారు. గడప అవతల జంగయ్య విన్నాడు. మేం దొంగలం గాదు సారూ అని మాత్రం అన్నాడు. చెప్పులు చేత పట్టుకుని వెళ్లిపోయాడు.

అదే డోసు. అదే మనిషి. మొదటి వారం రాత్రిళ్లు చక్కగా పడుకుంది. నాలుగో వారానికి పిచ్చెత్తింది. మాత్రలు పోగవుతున్నట్టు. పొద్దున వేసిన మాత్ర రాత్రికి బయటికి పోకుండా లోపలే ఉండిపోయినట్టు. ఎందుకు?

మార్చి 22, మంగళవారం

మందు ఆపాక రెండు రోజులు కదలకుండా పడుకుందట. ఆ తర్వాత పాత సైదమ్మే. నిన్న బావి గట్టు మీద బొక్కెన తోడుతూ నిద్రపోయింది. పక్కనామె జుట్టు పట్టుకుని లాగకపోతే లోపలికి పోయేది.

ఇదంతా అంగడికి వచ్చిన చివ్వెంల వాళ్లు చెప్పారు. ఇంకొకటి కూడా. ఉగాది వెళ్లాక ఆమెను గరిడేపల్లిలో పుట్టింటికి పంపేస్తారట. పిల్లను మాత్రం ఇక్కడే ఉంచుకుంటారట. కులపెద్దలతో మాట్లాడేశారట.

ఉగాది వచ్చే బుధవారం.

మార్చి 24

చివ్వెంల వెళ్లాను. డాక్టరు గారికి చెప్పకుండా.

ఎల్లమ్మ నన్ను చూసి మొహం తిప్పుకుంది. తర్వాత పీట వేసింది. సైదమ్మ గోడ పక్కన కూర్చునే నిద్రపోతోంది. పిల్ల కుండ మూతతో ఆడుకుంటోంది.

నేను తప్పెక్కడుందో వెతకడానికి వచ్చానని చెప్పాను. ఎల్లమ్మకు రోషం వచ్చింది. తప్పు మా దగ్గర లేదమ్మా అంది. నువ్వు సెప్పినట్టే సేసిన. పులుపు వద్దన్నవ్, గొంతుల సుక్క సింతపులుసు పోనియ్యలే. దానికొక్కదానికే వేరే వండితే ముందట సూసి నోరూరుతదని ఇంటిల్లిపాది పులుపు మానినం. వేడి చేస్తదన్నవ్. మరి సలువ సెయ్యొద్దా? పొద్దుగాల గిలాసెడు తినే సోడ నీళ్లు, మాపటికి గిలాసెడు సున్నపు తేట. నోరెండుతుంది అత్తా అన్నప్పుడల్ల ఇంకో గిలాస. మందు ఆపినా సలువ ఆపలే, ఒంట్ల వేడి ఇంక ఉన్నదేమో అని.

చూపించింది కూడా. మూలన సున్నపు నీళ్ల కుండ, శుభ్రమైన గుడ్డ కట్టి. పక్కన సోడా పొట్లాలు వరసగా.

పొట్లాలు లెక్కపెట్టాను. రెండుసార్లు.

సీసా ఇచ్చి సైదమ్మ మూత్రం తెమ్మన్నాను. ఎల్లమ్మ ముక్కు మీద వేలు వేసుకుంది. గింత సదువు సదివి గిదా నువ్వు సేసే పని అంది. కానీ తెచ్చి ఇచ్చింది.

మార్చి 25

సైదమ్మది: ఎర్ర లిట్మస్ వెంటనే నీలమైంది. నాది: నీల లిట్మస్ ఎర్రనైంది. దవాఖానలో పనిచేసే ఆయమ్మది కూడా ఎర్రనే.

ఇప్పుడు నా ఊహ. రాసి చూస్తేనే నాకు నమ్మకం కుదురుతుంది.

బెంజెడ్రిన్ ఒక బేస్. యాసిడ్ ఉన్న నీళ్లలో ఉప్పుగా కరిగి ఉంటుంది, ఆ నీళ్లతో బయటికి పోతుంది. ఆల్కలీ నీళ్లలో నూనె అయిపోతుంది. నూనె నీళ్లలో ఉండదు. శరీరంలో పొరలన్నీ కొవ్వుతో చేసినవే, నూనె వాటిలోంచి జారిపోగలదు. అంటే మూత్రపిండం బయటికి పంపబోయిన మందు, ఆ నీళ్లు ఆల్కలీగా ఉంటే, వెనక్కి నెత్తురులోకే జారుకుంటుంది. రాత్రి అయ్యేసరికి పోవలసిన మాత్ర పోదు. మర్నాడు ఇంకో రెండు. మందు ఎక్కువైతే నోరు ఎండుతుంది, నోరు ఎండితే ఎల్లమ్మ ఇంకో గిలాస సోడా ఇస్తుంది.

ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. తప్పు కావచ్చు. నాలుగు వారాలయ్యాక ఈ మందు గుణమే అంతేమో. అలా అయితే ఆమెకు మళ్లీ మాత్ర ఇప్పించడం కన్నా పాపం లేదు.

ఊహ నిజమే అయితే, ఆమెను పిచ్చిదాన్ని చేసింది బెంజెడ్రిన్ కాదు. మందుల గది కిటికీలో నేను చెప్పిన రెండు మాటలు.

మార్చి 27, ఆదివారం. కోదాడ.

చెల్లెలు జానమ్మ దగ్గరికి వచ్చాను. ఎవరికో ఒకరికి చెప్పాలి.

అంతా విని, అక్కా నీకేం పట్టిందే, ఊరుకో అంది. మందు ఎలాగూ ఆపేశారుగా. నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? చెబితే ఆ డాక్టరు నిన్ను ఉంచుకుంటాడా? నలభై దాటినదానివి, మళ్లీ ఏ బళ్లోనో ఉద్యోగానికి తిరుగుతావా? అయినా పత్యం చెప్పడం తప్పెలా అవుతుంది, పత్యం చెప్పని డాక్టరు గడప మా ఆయన తొక్కనే తొక్కడు, అంది. ఆమె మాటల్లో ఒక్కటీ కొట్టిపారేయడానికి లేదు.

అన్నం పెడుతూ, నేను ముట్టకుండా కూర్చున్నది చూసి, ఇంతకీ ఆ పిల్ల తల్లి నీకేమవుతుందే అంది. ఏమీ కాదు. అదీ చెప్పాను.

సరే, తిని రేపు పొద్దున బస్సుకే పో, లేకపోతే నువ్వు ఇక్కడ నిద్రపోవు, నన్ను నిద్రపోనివ్వవు అంది.

మార్చి 28, ఉదయం 11

చెప్పేశాను.

డాక్టరు గారు అంతా విన్నారు. ఇది ఏ పుస్తకంలో ఉంది అని అడిగారు. ఎందులోనూ లేదన్నాను. లిట్మస్ కాగితాలు ముందు పెట్టాను. వాటిని తిప్పి తిప్పి చూశారు. బర్మాలో కడుపుమంటకు తామందరూ సోడా తాగేవాళ్లమన్నారు, తనకైతే రోజుకు నాలుగుసార్లు. వెదురుపొద గురించి నేను అడగలేదు. ఆయన కూడా అనలేదు.

పులుపు వద్దని ఎందుకు చెప్పినరు అని అడిగారు. వెనక ఇరవై మంది ఉన్నారు, త్వరగా పంపాలని అన్నాను.

ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆయన లేచి, మిస్ రాజారత్నం, మీరు పులుపు వద్దన్నరు, నేను వాళ్లను దొంగలన్న, రెండిట్ల ఏది పెద్దది అన్నారు.

ఎనిమిది రోజులు మంచం మీద ఉంచి చూద్దామన్నారు. పొద్దున ఆరింటికి ఒక మాత్ర, పదకొండింటికి ఒకటి, ఆ తర్వాత ఏమీ లేదు. సోడా లేదు, సున్నం లేదు. ఒక్క రాత్రి నిద్ర తప్పినా ఆ మందు ఆమెకు ఖతం.

మార్చి 29

ఇద్దరం చివ్వెంల వెళ్లాం. డాక్టరు గారు జంగయ్యతో మాట్లాడారు, నేను వినలేదు. జంగయ్య నేల చూస్తూ నిలబడ్డాడు, తర్వాత ఆయనకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

నేను ఎల్లమ్మతో నిజం చెప్పాను. పులుపు వద్దన్నది ఏ పుస్తకంలోనూ లేదు, ఊరికే చెప్పాను, దానివల్లే ఇంత జరిగిందేమోనని నా అనుమానం అన్నాను.

ఊకెనే సెప్పినవా అంది ఎల్లమ్మ. మళ్లీ అదే మాట, ఊకెనే సెప్పినవా. తర్వాత గొంతు పెరిగింది. నలభై దినాలు మా ముసలాయన పచ్చిపులుసు లేక ముద్ద దిగక సచ్చి బతికిండు. మామిడి పిందెలొచ్చినయి, వాసన గూడ సూడలే. పత్యం తప్పితే పిల్ల తల్లికి ఏమైతదో అని నేను కావలి కాసిన. నువ్వేమో ఊకెనే సెప్పినవ్.

చాలాసేపు తిట్టింది. పక్కింటి వాళ్లు వచ్చి విన్నారు.

అలసిపోయాక, మరి ఇప్పుడు సెప్పు, ఊకెనే గాదు, నిజంగ సెప్పు, ఏం తినాలె అంది. అన్నీ తినవచ్చు, పత్యమేమీ లేదు అనబోయి ఆగాను. పత్యం లేకపోతే ఈమెకు మందు లేదు. అబద్ధం చెప్పడం ఇక నా వల్ల కాదు. చింతపండు పులుపు మూత్రం దాకా పులుపుగానే చేరుతుందో లేదో నాకు తెలియదు. సోడా మాత్రం చెరుస్తుంది, అది కళ్లతో చూశాను. కాబట్టి తెలిసినంతే చెప్పాను. సోడా, సున్నపు తేట ముట్టకూడదు. మధ్యాహ్నం దాటాక మాత్ర వేయకూడదు. పులుపు మీ ఇష్టం, తింటే మంచిదేనని నా ఊహ, ఖాయంగా తెలియదు అన్నాను.

తెల్వదు అని సెప్పే మందులమ్మను ఇప్పుడే సూస్తున్న అంది. కానీ సైదమ్మ చీరలు మూట కట్టింది. గరిడేపల్లికి కాదు, మా దవాఖానకు.

మార్చి 30. ఉగాది.

సైదమ్మ మంచం మీద కూర్చుని ఉగాది పచ్చడి రెండుసార్లు అడిగి తిన్నది.

ఏప్రిల్ 2

రాత్రి నిద్ర ఆరు గంటలు. ఆయమ్మ చెప్పింది. నమ్మక జంగయ్యను కూడా అడిగాను.

ఏప్రిల్ 4

నిద్ర ఆరున్నర. పగలు కునుకు ఒక్కసారి, పావుగంట. నీల లిట్మస్ ఎర్రన.

ఏప్రిల్ 5

నిద్ర నాలుగు గంటలే. మధ్యలో లేచి కూర్చుందట. వెంటనే వెళ్లి చెప్పాను. డాక్టరు గారు ఆమెనే అడిగారు. పక్క మంచం ముసలామె గురక పెట్టిందట. సైదమ్మ సిగ్గుపడుతూ, గురక ఇట్ల ఉంటదని ఇంతవరకు తెల్వదు సారూ, నాదే అందరు విన్నరు అంది.

ముసలామెను అవతలి గదికి మార్చాం.

ఏప్రిల్ 7

ఎనిమిది రోజులు పూర్తయ్యాయి. మాత్ర కొనసాగించవచ్చన్నారు డాక్టరు గారు. ఆయన నాకు చేయి అందించారు. ఇంగ్లీషు పద్ధతిలో. ఏం చేయాలో తోచక మందు సీసా అందించాను.

నిరూపణ అయిందని అనను. ఒక మనిషి, ఎనిమిది రోజులు. మద్రాసులో మా ప్రొఫెసరు దీన్ని చెత్తబుట్టలో వేసేవారు.

ఏప్రిల్ 11, సోమవారం, సాయంత్రం 4

ఎల్లమ్మ పిల్లను తీసుకుని వచ్చింది. సైదమ్మను ఇంటికి తీసుకెళ్లడానికి.

డాక్టరు గారు ముందే ఒక సంగతి చెప్పారు. నిద్ర తగ్గింది కానీ నవ్వు సంగతి పూర్తిగా బాగుపడలేదు. నవ్వితే మోకాళ్లు ఇంకా వంగుతున్నాయి, మునుపటంత కాదు. ఇది నయం చేసే మందు కాదు, నెట్టుకొచ్చే మందు. దాచి చెప్పడం ఇష్టం లేక ఎల్లమ్మతో అదే చెప్పారు. నాకు ఆ క్షణం ఆయన మీద కోపం వచ్చింది. ఇంకొక్క రోజు ఆగి చెప్పవచ్చు కదా.

ఎల్లమ్మ కోడలి వైపు చూసింది. సైదమ్మ పిల్ల వైపు కూడా చూడలేదు, చూస్తే అడిగినట్టవుతుందని కాబోలు. గోడకు ఆనుకుని నిలబడింది.

కూసో అంది ఎల్లమ్మ. సైదమ్మకు అర్థం కాలేదు. కిందికి కూసోవే, గోడకు ఆనుకోని మంచిగ కూసో. కూర్చుంది. కాళ్లు సాపు. చాపింది. ఎల్లమ్మ పిల్లను చంక నుంచి దించి ఆమె ఒళ్లో పెట్టింది. వెంటనే చేయి తీయలేదు. కొంచెంసేపటికి తీసింది. నవ్వేదుంటే కూసోని నవ్వు, నిలవడి ఎత్తుకున్నప్పుడు నా మొకం సూడు, నవ్వు రాదు అంది.

జంగయ్యకు ముందు నవ్వు వచ్చింది. తర్వాత డాక్టరు గారికి. సైదమ్మకు కూడా వచ్చింది. తల వాలిపోయింది, చేతులు జారాయి. పిల్ల ఒళ్లోంచి ఎక్కడికీ పోలేదు. తల్లి మెడలో పూసలు పట్టుకుని నోట్లో పెట్టుకుంది.

నేను మందుల గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను.

మే 23

సైదమ్మ మాత్రల కోసం వచ్చింది. పిల్లను తనే ఎత్తుకుని, చివ్వెంల నుంచి నడిచి. నిద్ర ఎలా ఉంది అని అడిగాను. యాడ నిద్ర మందులమ్మా, దీనికి పండ్లొస్తున్నయి, రాత్రంత కన్ను మూయనిస్తలేదు, నిద్రలేక సస్తున్న అంది.

రిజిస్టరులో రాశాను. నిద్ర: తక్కువ. కారణం: పిల్ల.

డాక్టరు గారు చదివి సంతకం పెట్టారు.